కొండ మీద ఒకలా, కోస్తాలో ఒకలా: పెంపుడు తాబేలుకు వెలుగు, వేడి, చోటు

అక్వేరియం షాపులో తాబేలు పిల్లను కొంటే దాంతోపాటు చేతికిచ్చేవి మూడే. అరచేతి కన్నా కాస్త పెద్ద ప్లాస్టిక్ డబ్బా, దాని మధ్యలో ప్లాస్టిక్ కొబ్బరిచెట్టు, ఎండు రొయ్యల మేత ఓ చిన్న సీసా. బరంపురమైనా, రాయగడైనా, జయపురమైనా ఇదే సరంజామా. లైటు సంగతి షాపువాడు ఎత్తడు, కొనేవాళ్ళు అడగరు. కొన్నాళ్ళకు పెంకు మెత్తబడి, కళ్ళు ఉబ్బి, తిండి మానేసి అది చచ్చిపోతే "ఇంట్లో తాబేలుంటే కలిసొస్తుందన్నారు, మనకు అచ్చిరాలేదు" అనుకుని ఊరుకుంటారు. అచ్చిరాకపోవడం అంటూ ఏమీ లేదు, చాలా ఇళ్ళలో జరిగేది ఒక్కటే: దానికి ఎండ తగల్లేదు, వేడి చాలలేదు, తిరగడానికి చోటు లేదు.

ఇక్కడ చెప్పేదంతా షాపుల్లో అమ్మే ఎర్రచెవుల తాబేలు గురించి, అంటే రెడ్ ఇయర్డ్ స్లైడర్ గురించి. కంటి వెనక ఎర్ర చార ఉంటుంది, పిల్లప్పుడు ఆకుపచ్చగా ముద్దుగా ఉంటుంది, దాని స్వస్థలం అమెరికాలో మిసిసిపి నది పారే ప్రాంతం. వంశధార కాలవలోనో ఊరి చెరువులోనో వలకు చిక్కిన తాబేలు సంగతి పూర్తిగా వేరు. వెనక కాళ్ళ మీద తోలు మూతల్లాంటివి ఉండే మన చెరువు తాబేలును, వీపు మీద నక్షత్రాలుండే మెట్ట తాబేలును ఇంట్లో పెట్టుకోవడం నేరం. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టానికి 2022లో చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది, ఆ రెండూ ఒకటో షెడ్యూలులో, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలో ఉన్నాయి, కేసు రుజువైతే కనీసం 3 ఏళ్ళ జైలు. శ్రీకూర్మం గుడిలో నక్షత్ర తాబేళ్ళు తిరుగుతున్నాయి కదా, మన పెరట్లో ఒకటుంటే ఏమైంది అనే వాదన కోర్టులో నిలవదు.

ఇక అసలు విషయం. తాబేలు ఒంటికి కావలసిన వేడిని అది లోపల పుట్టించుకోలేదు, బయటి నుంచే తెచ్చుకోవాలి. తిన్నది అరగాలన్నా, రోగాన్ని తట్టుకోవాలన్నా, గాయం మానాలన్నా ముందు ఒళ్ళు వెచ్చబడాలి. చల్లటి నీళ్ళలో ఉన్న తాబేలుకు బలవంతంగా మేత వేస్తే కొంత తింటుంది కూడా, కానీ అది కడుపులో అరక్క అలాగే నిలిచిపోతుంది. ఎర్రచెవుల తాబేలు పెద్దదైతే నీళ్ళు 24 నుంచి 26 డిగ్రీలు, పిల్లలైతే 26 నుంచి 28 డిగ్రీలు ఉంటే హాయిగా ఉంటుంది. గట్టెక్కి ఆరే చోట మాత్రం 31 నుంచి 34 దాకా ఉండాలి.

ఈ అంకెలు ఎక్కడ వెతికినా దొరుకుతాయి గానీ వాటి మధ్య ఉన్న తేడాను పట్టించుకునేవాళ్ళు తక్కువ. "ఎన్ని డిగ్రీలు పెట్టాలి?" అని అందరూ అడుగుతారు. తాబేలుకు కావలసింది ఒక డిగ్రీ కాదు, రెండు మూడు చోట్లు, ఒక్కో చోట ఒక్కో వేడి. చల్లబడాలనుకుంటే నీళ్ళలోకి దిగుతుంది, వెచ్చబడాలనుకుంటే గట్టు మీదికి ఎక్కుతుంది, మరీ ఎక్కువైతే గట్టు అంచుకు జరుగుతుంది. రోజంతా దాని పని ఇదే. నీళ్ళకూ గట్టుకూ మధ్య కనీసం 5 డిగ్రీల తేడా లేకపోతే గట్టెక్కాల్సిన అవసరమే దానికి తోచదు, రోజుల తరబడి నీళ్ళలోనే నానుతూ ఉంటుంది, అప్పుడు పెంకు మీద బూజు, కుళ్ళు మొదలవుతాయి. అంటే వేడి ఎక్కువైనా నష్టమే. బరంపురంలో మే నెలలో ఇంట్లో తొట్టి నీళ్ళే 30 దాటుతాయి, అలాంటప్పుడు ఎవరో చెప్పారని హీటర్ కూడా వేస్తే ఆ తాబేలు గట్టు మొహం చూడదు.

వెలుగు సంగతి ఇంకొంచెం చిక్కు. సూర్యకాంతిలో మన కంటికి కనబడని అతినీలలోహిత కిరణాలు ఉంటాయి, వాటిని వ్యవహారంలో యూవీ అంటున్నాం. అందులో యూవీఏ అనేది తాబేలు చూపుకు, ఆకలికి, రోజువారీ హుషారుకు సంబంధించింది. అది మనకు కనబడని ఆ కాంతిని కూడా చూడగలదు. యూవీబీ అనేది ఎముకకు, పెంకుకు సంబంధించింది. యూవీబీ చర్మం మీద పడితే విటమిన్ డి3 తయారవుతుంది, డి3 ఉంటేనే తిన్న కాల్షియం ఒంటికి పడుతుంది. మూలికల షాపుల్లో సముద్రపు నురుగు పేరుతో దొరికే కటిల్‌ఫిష్ ఎముకను తొట్టిలో వేసి, కాల్షియం పెట్టేశామని నిశ్చింతగా ఉండేవాళ్ళున్నారు. మంచిదే, కానీ యూవీబీ లేకపోతే అందులో చాలా భాగం అటు తిని ఇటు విసర్జించేస్తుంది.

ఇందులో ఇంకో మెలిక ఉంది. యూవీబీ పడగానే చర్మంలో నేరుగా డి3 పుట్టదు, దానికి ముందు రూపం ఒకటి పుడుతుంది. ఆ ముందు రూపం డి3గా మారడానికి కాంతితో పని లేదు, ఒంట్లో వేడి కావాలి. వెచ్చగా ఉంటే ఆ మార్పు త్వరగా జరుగుతుంది, చల్లగా ఉంటే బాగా నెమ్మదిస్తుంది. అందుకే వేడి బల్బు తొట్టికి ఒక మూల, యూవీబీ ట్యూబు మరో మూల పెట్టడం తెలివితక్కువ ఏర్పాటు. రెండూ కలిసి ఒకే గట్టు మీద పడాలి, ఎందుకంటే ఎండలో అవి రెండూ కలిసే వస్తాయి, తాబేలు ఒళ్ళు దానికే అలవాటు పడి ఉంది.

యూవీబీ ఇవ్వనివాటి జాబితా పెద్దదే. కిటికీ పక్కన పెట్టిన తొట్టిలో ఎండ ధగధగలాడుతూ కనబడుతుంది గానీ మామూలు గాజు యూవీబీని దాదాపు మొత్తం ఆపేస్తుంది, అక్రిలిక్ మూత కూడా అంతే. మామూలు ఎల్ఈడీ బల్బు ఎన్ని వాట్లదైనా యూవీబీ ఇవ్వదు. ఫిలమెంట్ బల్బు వేడి ఇస్తుంది, యూవీబీ ఇవ్వదు. అక్వేరియంకు వచ్చే నీలం లైటు కంటికి అందం, అంతే. వీటన్నిటితో నష్టం లేదు, లాభం లేదు. నష్టం జరిగేది "యూవీ" అనే రెండక్షరాలు చూసి కొనేస్తే. నీళ్ళు శుద్ధి చేయడానికి, గదుల్లో క్రిములు చంపడానికి అమ్మే యూవీ దీపాలు యూవీసీ రకం, వాటి కాంతి సూటిగా తగిలితే తాబేలు కళ్ళు, చర్మం కాలిపోతాయి, మన కళ్ళు కూడా. ఫిల్టర్ లోపల గొట్టంలో మూసి ఉన్నంతవరకు దానితో భయం లేదు, బయటికి తీసి తొట్టి మీద వేలాడదీయకూడదు. దోమల్ని రప్పించే ఊదారంగు ట్యూబు కూడా ఈ పనికి రాదు.

కావలసింది సరీసృపాలకని ప్రత్యేకంగా చేసే యూవీబీ ట్యూబు. టీ5 అనే పొడవాటి సన్న ట్యూబు రకం అయితే వెలుగు గట్టంతా సమంగా పడుతుంది. చుట్ట తిరిగిన చిన్న బల్బు రకంలో వెలుగు ఒకచోటే పడుతుంది, కాస్త పక్కకు జరిగితే ఏమీ ఉండదు. పెట్టె మీద 5.0 అనో 10.0 అనో రాసి ఉంటుంది, సంఖ్య పెద్దదైతే బలం ఎక్కువ, దాన్నిబట్టి ఎంత దూరంలో కట్టాలో కూడా ఆ పెట్టె మీదే ఉంటుంది, సాధారణంగా అడుగుకు అటూ ఇటూ. మధ్యలో గాజు మూత ఉండకూడదు. సన్న జాలీ ఉంటే కొంత యూవీబీ అక్కడే ఆగిపోతుంది కనుక ట్యూబును కాస్త దగ్గరికి తేవాలి. చాలామందికి తెలియని విషయం ఏమిటంటే ట్యూబు వెలుగుతూనే ఉంటుంది గానీ అందులోంచి వచ్చే యూవీబీ నెలనెలా తగ్గిపోతుంది. మామూలు రకమైతే 6 నెలలకు, మంచి టీ5 అయితే ఏడాదికి మార్చాలి. ట్యూబు మీద స్కెచ్ పెన్నుతో తేదీ రాసుకుంటే గొడవ ఉండదు.

పగలు 12 గంటలు వెలుగు, రాత్రి చీకటి. రాత్రి ఎర్ర బల్బు వేస్తే తాబేలుకు కనబడదని షాపుల్లో చెప్తుంటారు, అది వట్టి మాట, దానికి ఎరుపు బాగానే కనబడుతుంది. రాత్రి వేడి కావాలంటే వెలుగులేని సిరామిక్ హీటర్ దొరుకుతుంది.

ఇప్పుడు ఒడిశా, ఆంధ్ర సరిహద్దులో ఉన్న మన జిల్లాల సంగతికొద్దాం. ఇంగ్లీషు వీడియోల్లో చెప్పేవి ఎక్కువగా చలిదేశాల లెక్కలు. అక్కడ ఏడాదిలో సగం కాలం ఎండే ఉండదు కాబట్టి ట్యూబు, హీటర్, బల్బు అన్నీ కొనమంటారు, వాళ్ళకది నిజమే. గంజాం జిల్లా కోస్తాలో ఉండి అదే జాబితా పట్టుకుని వేలు ఖర్చు పెట్టడం ఒక తప్పు. "మనది వేడి దేశం, మనకెందుకు హీటర్లు" అనుకుని సెమిలిగుడలో, సునాబెడలో తాబేలును వట్టి నీళ్ళలో వదిలేయడం ఇంకో తప్పు, మొదటిదానికన్నా పెద్దది. మొదటిదాంతో డబ్బు పోతుంది, రెండోదాంతో తాబేలు పోతుంది. ఈ రెండు చోట్లకూ ఎత్తులో ఉంది తేడా అంతా.

బరంపురం, గోపాలపురం, పర్లాకిమిడి వైపు దాదాపు 8 నెలలు హీటర్ అక్కర్లేదు. పెరడో డాబానో ఉన్న ఇంటికైతే ట్యూబు కూడా అక్కర్లేదు, ఎండ ఊరికే వస్తోంది. అయితే ఏ ఎండ అన్నది చూసుకోవాలి. పసిపిల్లలకు పెట్టినట్టు పొద్దున్నే నీరెండలో పెడితే చాలని అనుకుంటారు. నీరెండలో వెచ్చదనం ఉంటుంది, యూవీబీ నామమాత్రం. సూర్యుడు కిందగా ఉన్నప్పుడు ఆ కిరణాలు గాలిలోనే చాలావరకు ఆగిపోతాయి. మన నీడ మన ఎత్తుకన్నా పొట్టిగా ఉందంటే యూవీబీ గట్టిగా ఉన్నట్టు. వేసవిలో ఉదయం 8, 9 గంటలకే చాలినంత వస్తుంది, ఆ పైన తాబేలును నీడకు చేర్చాలి. జనవరిలోనైతే 10 దాటాకే మొదలవుతుంది. మబ్బుల కాలంలో తగ్గుతుంది తప్ప సున్నా కాదు.

కోస్తాలో అసలు ప్రమాదం వేడి ఎక్కువ కావడం. డాబా మీద నల్ల ప్లాస్టిక్ టబ్బులో పది పదిహేను లీటర్ల నీళ్ళు పోసి, అందులో తాబేలును వదిలి, ఆఫీసుకు వెళ్ళిపోతే మే నెల మధ్యాహ్నానికి అవి స్నానపు వేడినీళ్ళవుతాయి. నీళ్ళు 38, 40 డిగ్రీలకు చేరితే అది బతకదు, తప్పించుకోవడానికి చోటు ఉండదు కనుక. నీళ్ళు ఎంత తక్కువైతే అంత త్వరగా కాగుతాయి, కాబట్టి బయట పెట్టే తొట్టి పెద్దదై ఉండాలి, సగం మీద తాటాకు పందిరో తడిపిన గోనెపట్టానో తప్పకుండా ఉండాలి. ఇక జూలై, ఆగస్టులో ఇంకో తిప్పలు. చలి ఉండదు, కానీ గాలంతా చెమ్మ, గట్టు ఎప్పుడూ తడిగానే ఉంటుంది, పెంకు పూర్తిగా ఆరదు. బరంపురంలో 40 వాట్ల ఫిలమెంట్ బల్బుకు అన్నిటికన్నా పనిపడేది చలికాలంలో కాదు, ఈ ముసురు రోజుల్లోనే.

కొరాపుట్ పీఠభూమి కథ తిరగబడి ఉంటుంది. కొరాపుట్, సునాబెడ, సెమిలిగుడ, దమన్‌జోడి వైపు సముద్రమట్టానికి 900 మీటర్లకు కాస్త అటూ ఇటూగా ఉంటాయి, దగ్గర్లోనే 1672 మీటర్ల దేవమాలి, ఒడిశాలో అదే ఎత్తైన కొండ. డిసెంబరు, జనవరి రాత్రుల్లో 10 డిగ్రీల లోపుకు పడిపోవడం అక్కడ మామూలే. గదిలో ఉన్న తొట్టి అంత చల్లబడకపోయినా నీళ్ళు 15, 16కు దిగుతాయి. విచిత్రం ఏమిటంటే ఎత్తు పెరిగే కొద్దీ యూవీ పెరుగుతుంది, కాబట్టి పీఠభూమి మీద శీతాకాలపు మధ్యాహ్నం ఎండలో యూవీబీ పుష్కలం, గాలి మాత్రం చల్లన. ఆ గాలికి తడి ఒంటితో పెడితే తాబేలుకు యూవీబీ తగులుతుంది గానీ ఒళ్ళు వెచ్చబడక లోపల డి3 పని సరిగ్గా సాగదు, పైగా జలుబు చేస్తుంది. అక్కడ పద్ధతి వేరుగా ఉండాలి. లోపల తొట్టిలో హీటర్, గట్టు మీద బల్బు ఎలాగూ తప్పవు. మధ్యాహ్నం ఒక గంట గాలి తగలని మూలలో, గోడకు చేరవేసి, అడుగున గోరువెచ్చటి నీళ్ళు పోసిన టబ్బులో ఎండకు పెడితే ట్యూబు లేని లోటు చాలావరకు తీరుతుంది. కొరాపుట్‌లో ముసురు కూడా ఎక్కువే, వారాల తరబడి ఎండ మొహం కనబడని జూలైలో అయితే ట్యూబుకు మించిన దారి లేదు.

రాయగడ, గుణుపురం లోయల్లో ఉన్నాయి, వేసవి కోస్తాలా మండుతుంది, శీతాకాలపు రాత్రి మాత్రం కోస్తా కన్నా చల్లన. ఇలాంటి చోట ఊరి పేరు చూసి కాక థర్మామీటర్ చూసి నిర్ణయించుకోవడమే మేలు. నీళ్ళలో వేసేది ఒకటి చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. గట్టు వేడి చూడటానికి కరోనా రోజుల్లో కొని మూలన పడేసిన నుదుటి థర్మామీటర్ కూడా పనికొస్తుంది, అయితే దాన్ని వస్తువుల వేడి చూసే మోడ్‌లోకి మార్చాలి, ఆ మోడ్ లేని రకమైతే దాని అంకెను నమ్మకూడదు.

చలికాలంలో తాబేలు మందగించి, తినడం మానేసి, అడుగున కదలకుండా పడుంటే "శీతాకాలం నిద్ర పోతోంది, కదపకండి" అని చెప్పే పెద్దమనుషులు ప్రతి వీధిలోనూ ఉంటారు. ఎర్రచెవుల తాబేలు దాని స్వస్థలంలో శీతాకాలమంతా చెరువు అడుగున గడిపే మాట నిజమే. కానీ అక్కడ నీళ్ళు దాదాపు 4 నుంచి 8 డిగ్రీల దాకా పడిపోతాయి, దాని ఒళ్ళు పూర్తిగా నెమ్మదిస్తుంది, అంతకుముందే కడుపు ఖాళీ చేసుకుని ఉంటుంది. మన ఇంట్లో 15, 18 డిగ్రీల నీళ్ళంటే అటూ కాదు, ఇటూ కాదు. తిన్నది అరగనంత చల్లన, ఒళ్ళు ఖర్చు తగ్గించుకోలేనంత వెచ్చన. ఉన్న కొవ్వు కరుగుతూ, రోగాన్ని తట్టుకునే శక్తి తగ్గుతూ ఉంటుంది. ముక్కులోంచి బుడగలు రావడం, నోరు తెరిచి ఊపిరి తీయడం, ఈదేటప్పుడు ఒక పక్కకు ఒరిగిపోవడం కనబడితే అది నిద్ర కాదు, ఊపిరితిత్తులకు జబ్బు చేసింది.

వేడి ఏర్పాటులో కొన్ని చిన్న సంగతులు ఇల్లు కాలకుండా కాపాడతాయి. బల్బుకు ప్లాస్టిక్ హోల్డర్ వాడితే కరుగుతుంది, పింగాణీ హోల్డర్ వాడాలి, పైన అల్యూమినియం రేకు టోపీ ఉంటే వేడి కిందికే పడుతుంది. వేలాడదీసేది వైరుతో కాదు, గొలుసుతో. కోళ్ళ షెడ్లలో పిల్లలకు వేసే బల్బుల లాంటివే సరిపోతాయి, పెంపుడు జంతువుల షాపులో నాలుగింతలు పెట్టి కొనక్కర్లేదు. నీళ్ళ హీటర్ లీటరుకు ఒక వాటు లెక్కన చూసుకుని, వేడిని దానంతటదే అదుపు చేసే థర్మోస్టాట్ ఉన్నది కొనాలి, దానికి చిల్లుల ప్లాస్టిక్ తొడుగు తప్పనిసరి, లేకపోతే తాబేలు గుద్ది గాజు పగలగొడుతుంది. నీళ్ళు మార్చేటప్పుడు ముందు ప్లగ్ తీయాలి. నీళ్ళు దిగిపోయి బయటపడ్డ వేడి హీటర్ టప్‌మని పగులుతుంది. నీళ్ళు, కరెంటు కలిసిన చోట, షాకు కొట్టే పరిస్థితి వస్తే కరెంటును ఆపేసే ఎర్త్ లీకేజ్ బ్రేకర్ లేకుండా ఈ సరదాకు దిగకపోవడమే మంచిది.

చోటు విషయంలో షాపువాళ్ళు చెప్పే అబద్ధం ఒకటుంది: "ఇంతే ఉంటుంది సార్, పెరగదు." పెరుగుతుంది. మగది 18, 20 సెంటీమీటర్ల దాకా, ఆడది 25 నుంచి 30 దాకా, బాగా చూసుకుంటే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. పెంకు పొడవు ప్రతి అంగుళానికి సుమారు 38 లీటర్ల నీళ్ళు అని ఒక లెక్క చెప్తారు, ఆ లెక్కన 8 అంగుళాల తాబేలుకు 300 లీటర్లు. అంత గాజు తొట్టి కొనడం, దాన్ని మోసే స్టాండు చేయించడం అందరివల్లా కాదు. కానీ మన పల్లెల్లో దీనికి సిద్ధంగా ఉన్న జవాబు సిమెంటు తొట్టి, పశువులకు కుడితి పెట్టేది. చవక, గట్టిది, త్వరగా కాగదు, త్వరగా చల్లారదు. కొత్త తొట్టి అయితే సున్నం గుణం నీళ్ళలోకి దిగుతుంది, రెండు మూడు వారాలు నీళ్ళు పోసి పారబోస్తూ ఉన్నాకే తాబేలును వదలాలి. పైన ఇనుప జాలీ మూత లేకపోతే కాకులు, ముంగిసలు, వీధి కుక్కలు ఊరుకోవు, పిల్ల తాబేలైతే కాకి ఒక్కసారికే ఎత్తుకుపోతుంది.

నీళ్ళ లోతు పెంకు పొడవుకు రెండింతలైనా ఉండాలి. మునిగిపోతుందేమోనని భయపడి రెండు వేళ్ళ లోతు పోస్తారు, దానివల్లే ప్రమాదం, వెల్లకిలా పడితే తిరగబడటానికి లోతు చాలదు. గట్టు అంటే పొట్టతో సహా పూర్తిగా నీళ్ళ బయట ఆరగలిగే చోటు. ఇటుకలు పేర్చి పైన గరుకు టైలు పెట్టినా చాలు, అటూ ఇటూ కదలకుండా, ఎక్కడానికి ఏటవాలుగా ఉండాలి. అడుగున రంగురంగుల చిన్న రాళ్ళు పోయకూడదు, మింగేస్తుంది. నోట్లో పట్టనంత పెద్ద రాళ్ళు వేయండి, లేదా ఏమీ వేయకండి. కడగడానికి అదే సుఖం.

నీళ్ళ మురికి గురించి ఒక్క మాట: చేపల కన్నా తాబేలు చాలా ఎక్కువ పాడుచేస్తుంది. ఫిల్టర్ కొనేటప్పుడు తొట్టికి రెండు మూడింతల పెద్ద తొట్టికని రాసి ఉన్నది తీసుకోవాలి. పెరటి తొట్టికి ఫిల్టర్ లేకపోతే వారానికి రెండుసార్లు సగం నీళ్ళు తోడి మొక్కలకు పోస్తే సరి, అరటిచెట్టు బాగా కాస్తుంది. తొట్టి కడిగాక, తాబేలును ముట్టుకున్నాక చేతులు సబ్బుతో కడుక్కోవాలి, వీటి ఒంటి మీద సాల్మొనెల్లా అనే జబ్బు చేసే బాక్టీరియా ఉంటుంది. అమెరికాలో 4 అంగుళాల లోపు తాబేళ్ళ అమ్మకాన్ని 1975లోనే నిషేధించింది ఈ కారణం మీదే, చిన్నపిల్లలు వాటిని నోట్లో పెట్టుకుని జబ్బుపడుతున్నారని.

కరెంటు ఈ ప్రాంతంలో పెద్ద లెక్కే. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర, 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు చాలా ఊళ్ళకు రోజుల తరబడి కరెంటు లేదు. అక్టోబరు కాబట్టి చలి సమస్య కాదు, ఆగిపోయిన ఫిల్టర్ సమస్య. అలాంటప్పుడు మేత ఆపేయడమే అన్నిటికన్నా మంచి పని. ఆరోగ్యంగా ఉన్న పెద్ద తాబేలుకు వారం ఉపవాసం ఏమీ చేయదు, తినకపోతే నీళ్ళు పాడవవు. కొండ మీద జనవరి రాత్రి కరెంటు పోతే మాత్రం తొట్టి చుట్టూ థర్మాకోల్ పలకలు చేరవేసి, పైన దుప్పటి కప్పితే నీళ్ళు నెమ్మదిగా చల్లారతాయి. ఇన్వర్టర్ మీద హీటర్ నడపాలని చూస్తే బ్యాటరీ తెల్లవారేదాకా ఆగదు.

పెంకు నొక్కితే సొట్టపడుతోందా, అంచులు పైకి లేస్తున్నాయా, నడిచేటప్పుడు కాళ్ళు వణుకుతున్నాయా అని నెలకోసారి చూసుకోవాలి. పిల్లల పెంకు కొంచెం మెత్తగా ఉండటం సహజం, ఏడాది దాటాకా అలాగే ఉంటే యూవీబీ అందట్లేదు. కళ్ళు ఉబ్బి మూసుకుపోవడం ఎక్కువగా విటమిన్ ఎ లోపం, ఎండు రొయ్యలే పెడుతూ పోతే వస్తుంది. నీటి తాబేలు మేత గుళికలు, ఆకుకూరలు, అప్పుడప్పుడు క్యారట్ తురుము పెట్టాలి. బ్లాకుల్లో ఉన్న పశువైద్యశాలలు ఆవులకు, మేకలకు బాగా చేస్తాయి గానీ తాబేలును చూసిన అనుభవం తక్కువ. కొరాపుట్, రాయగడ వాళ్ళకు విశాఖపట్నం, గంజాం వాళ్ళకు భువనేశ్వర్‌లోని వెటర్నరీ కాలేజీ నయం. తీసుకెళ్ళేటప్పుడు నీళ్ళలో పెట్టక్కర్లేదు, తడిగుడ్డ పరిచిన గాలి తగిలే డబ్బా చాలు.

పెద్దదైపోయింది, చేసుకోలేకపోతున్నామని గుడి కోనేట్లోనో చెరువులోనో వదలడం పుణ్యమేమీ కాదు. ప్రపంచంలో అతి చెడ్డ 100 చొరబాటు జీవుల జాబితాలో ఇదొకటి, మన చెరువు తాబేళ్ళ మేతను, ఎండ కాచుకునే గట్లను ఆక్రమిస్తుంది. ఐరోపా సమాఖ్య దేశాలు 1997లోనే దీని దిగుమతి ఆపేశాయి.

ఆడ తాబేలును పెంచేవాళ్ళు ఆలోచించని సంగతి ఒకటుంది. మగది పక్కన లేకపోయినా అది పెద్దయ్యాక గుడ్లు పెడుతుంది, అందుకు నీళ్ళ బయట తవ్వడానికి నేల కావాలి. రుషికుల్య నది ముఖద్వారం దగ్గర చాలా ఏళ్ళలో లక్షలాదిగా ఒడ్డుకొచ్చి ఇసుక తవ్వే సముద్రపు తాబేళ్ళను గంజాం జిల్లా వాళ్ళకు కొత్తగా పరిచయం చేయక్కర్లేదు, తొట్టిలో ఉన్న దానికీ ఆ తవ్వే అవసరం అలాగే ఉంటుంది. తిండి తగ్గించి, గోడల వెంట అదేపనిగా పాకుతూ, గట్టు మీద వెనక కాళ్ళతో గీరుతుంటే గుడ్ల వేళ అయినట్టు. తొట్టి పక్కనే ఒక అడుగు లోతున తడి ఇసుక, మట్టి కలిపి పోసిన పెట్టెకో, పెరట్లో కంచె వేసిన మూలకో దాన్ని చేర్చాలి, ఎవరూ చూడకుండా వదిలేయాలి. పెట్టిన గుడ్లు మగ తోడు లేనివైతే పొదగవు, తీసి పారేయొచ్చు. చోటు దొరక్క కొన్నిసార్లు నీళ్ళలోనే వదిలేస్తుంది, కొన్నిసార్లు లోపలే ఆపేసుకుంటుంది, ఆపుకున్నవి ఇంజెక్షన్లకు రాకపోతే ఆపరేషన్ చేసి తీయాలి.